పూల చుక్కలా, ధ్యానమా? మనకీ మన పెంపుడు జీవాలకీ ఏది ముందు, ఏది తర్వాత

గోదావరి జిల్లాల్లో పెద్ద హోమియో షాపు ఏదైనా సరే, బాచ్ ఫ్లవర్ రెమెడీస్ (మనసు బాధలకని పూలతో చేసే చుక్కల మందులు) గురించి అడిగేవాళ్ళు అక్కడ తగులుతూనే ఉంటారు. పరీక్షల టెన్షన్‌కని ఒకరు, నిద్ర పట్టడం లేదని ఒకరు, దీపావళి మోతకి వణికిపోయే కుక్క కోసం ఇంకొకరు. అదే ఊళ్ళో ఇంకో వీధిలో ధ్యానం క్లాసుల బోర్డు వేలాడుతూ ఉంటుంది. రెండిట్లో ఏది మంచిదని అడిగితే నా జవాబు ముందే చెప్పేస్తాను. మనుషులకైతే ముందు ధ్యానం, కళ్ళు మూసుకుని కూర్చోవడం పడనివాళ్ళకి నడకో జపమో. జంతువులకైతే ముందు ఇంట్లో ప్రశాంతత, తర్వాత పశువుల డాక్టరు. పూల చుక్కలు ఆ తర్వాత, అదీ మీకు ఇష్టమైతేనే. ఎందుకో వివరంగా రాస్తున్నాను. బాధలో ఉన్నప్పుడు మనిషి ఏ సీసా కనిపిస్తే ఆ సీసా పట్టుకుంటాడు, అలాంటప్పుడు సరైన వరుస తెలిసుండటం చాలా ముఖ్యం.

సీసాలో ఉన్నదేమిటి

ఎడ్వర్డ్ బాచ్ (1886–1936) ఇంగ్లండ్‌లో అల్లోపతి డాక్టరు, బ్యాక్టీరియాల మీద పరిశోధన చేసినవాడు. తర్వాత హోమియోపతి వైపు, చివరికి పూల వైపు మళ్ళాడు. ఆయన తయారుచేసినవి మొత్తం 38 మందులు. అందులో రాక్ వాటర్ అనేది పువ్వు కూడా కాదు, కొండ ఊట నీరు. సున్నితమైన పూలనైతే గాజు గిన్నెలో నీళ్ళ మీద తేలేసి మూడు గంటలు ఎండలో ఉంచుతారు. చెట్ల కొమ్మలకి పూసేవాటినైతే అరగంట మరగబెడతారు. ఆ నీళ్ళకి సమానంగా బ్రాందీ కలుపుతారు. అందులోంచి రెండు చుక్కలు తీసి 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేస్తే షాపులో మనం కొనే సీసా అవుతుంది. మనం మళ్ళీ అందులో రెండు చుక్కలు గ్లాసు నీళ్ళలో వేసుకుంటాం. ఓసారి మూత తీసి వాసన చూడండి. మల్లె, సంపెంగల్లాంటి పరిమళం ఏదీ రాదు, బ్రాందీ వాసనే వస్తుంది.

మరి పనిచేస్తుందా? ఈ మందుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట పెట్టి చూసిన సమీక్షలు 2009లో ఒకటి, 2010లో ఒకటి వచ్చాయి. ఉత్తి చుక్కలు వేసినవాళ్ళకీ పూల చుక్కలు వేసినవాళ్ళకీ తేడా కనిపించలేదని రెండూ తేల్చాయి. అంటే ఎవరికీ గుణం కనిపించలేదని కాదు, ఉత్తి నీళ్ళ చుక్కలతో కూడా అంతే గుణం కనిపించిందని.

అయినా ఈ పద్ధతిలో ఒక విషయం నాకు నిజంగా నచ్చుతుంది. బాచ్ రోగం పేరు అడగలేదు, మనసు ఎలా ఉందని అడిగాడు. ఫలానా దానికి భయమంటే మిములస్, దేనికో తెలియని గుబులైతే ఆస్పెన్. బాధ్యతలు మోయలేక చతికిలబడితే ఎల్మ్. ఆలోచనలు గిర్రున తిరుగుతూ ఆగకపోతే వైట్ చెస్ట్‌నట్. మనవాళ్ళకి ఏమైపోతుందోనన్న దిగులైతే రెడ్ చెస్ట్‌నట్. కోనసీమలో గల్ఫ్‌కి పిల్లల్ని పంపిన ఇళ్ళెన్నో ఉన్నాయి. అలాంటి తల్లి ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి "బీపీ ఏమో అనుకుంటన్నానండీ, గుండె దడదడలాడిపోతంది" అంది. షాపాయన వెంటనే సీసా తీయలేదు. "అబ్బాయి ఫోన్ చేయని రోజేనా అమ్మా ఈ దడ?" అని అడిగాడు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయ్, ఆ రోజేనండీ" అంది, అని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆవిడకి సగం ఊరట ఆ ప్రశ్నతోనే దొరికిందని నా నమ్మకం. అందుకే ఆ 38 పేర్ల పట్టికని మందుల జాబితాగా కాకుండా మీ మనసుని మీరు అడిగే ప్రశ్నలుగా చదవండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆవిడకి బీపీ చూపించుకోమని కూడా ఆయన చెప్పి పంపించాడు, అది ఇంకా మంచి పని.

కొనాలనుకుంటే చూసుకోవలసినవి

ముందు చూడవలసింది బ్రాందీ. వేసుకునే మోతాదులో అది చాలా తక్కువే. కానీ తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు ఈ చుక్కల జోలికే పోకూడదు, ఆ మాత్రకీ ఆల్కహాల్‌కీ అస్సలు పడదు. మానేసి కొన్ని నెలలైన మనిషి నాలుక మీద ఆ రుచి తగలడం కూడా మంచిది కాదు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు డాక్టరుని అడగాలి. బ్రాందీ బదులు గ్లిజరిన్‌తో చేసినవీ ఉన్నాయి, లేబుల్ చదివి తీసుకోండి.

రెండోది, రెస్క్యూ రెమెడీ పేరు. ఇది ఐదు మందుల మిశ్రమం: రాక్ రోజ్, ఇంపేషన్స్, క్లెమాటిస్, స్టార్ ఆఫ్ బెత్లెహెమ్, చెర్రీ ప్లమ్. కంగారు పుట్టిన క్షణానికని బాచ్ దీన్ని కలిపాడు. పేరులో రెస్క్యూ ఉంది కదా అని ఛాతీ నొప్పికో, ఫిట్స్‌కో, పాము కాటుకో దీన్ని వేసి ఎదురుచూడటం ప్రాణం మీదికి తెస్తుంది.

మూడోది మన ప్రాంతానికే ప్రత్యేకం. కడియం నర్సరీలు, కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉన్నాయి కాబట్టి "మన పూలతో మనమే చేసుకుందాం" అనే ఆలోచన సహజంగానే వస్తుంది. దయచేసి వద్దు. మార్కెట్‌కి వచ్చే బంతి, చామంతి, గులాబీల మీద పురుగుమందు కొట్టి ఉంటారు, వాటిని నానబెట్టిన నీళ్ళు తాగేవి కావు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఇంటి ముందే ఉంటాయి, వాటిలో ఉన్నది అసలైన విషం, గుండెనీ మెదడునీ దెబ్బతీసేది. పూలతో మనసు తేలికపడాలంటే కుండీలో సన్నజాజి పెంచుకుని సాయంత్రం దాని దగ్గర కూర్చోవచ్చు.

పూల చుక్కలు వేరు, సువాసన నూనెలు వేరని కూడా గుర్తుంచుకోండి. టీట్రీ లాంటి ఘాటు నూనె పిల్లికీ కుక్కకీ విషం. హారతి కర్పూరం కూడా పిల్లలకీ జంతువులకీ అందకుండా పెట్టవలసిందే.

ధ్యానం వైపు చూస్తే

ఇక్కడ ఆధారాలు గట్టిగా ఉన్నాయి. 2014లో అమెరికాలో 47 పరీక్షలని, 3,515 మందిని కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, దిగులు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గినట్టు తేలింది. 2022లో వచ్చిన ఇంకో పరీక్ష నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. ఆందోళన జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఎస్సిటలోప్రామ్ మాత్ర ఇచ్చారు, కొందరికి 8 వారాల ధ్యానం క్లాసులు చెప్పారు. చివరికి ధ్యానం మాత్రకేమీ తీసిపోలేదు. కాకపోతే వాళ్ళు వారం వారం క్లాసుకి వెళ్ళి, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన చేశారు. ఫోన్‌లో రీల్స్ మధ్య ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుంటే అదే ఫలితం రాదు. అలాగే మాత్ర వాడుతున్నవాళ్ళు ఈ మాట చదివి సొంతంగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

మన దగ్గర ఉన్న దారుల్లో నా ఓటు ఆనాపానసతికి. ముక్కు చివర ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం గమనించడం, అంతే. మనసు అటూ ఇటూ పోతుంది, పోయిందని తెలియగానే తిరిగి ఊపిరి దగ్గరకి తెచ్చుకుంటాం. ఇలా ఎన్నిసార్లు తెచ్చుకుంటే అంత సాధన జరిగినట్టు. "నాకు మనసు నిలవదండీ" అని చాలామంది మానేస్తారు, నిలవకపోవడం తప్పేమీ కాదు. ఊళ్ళలో పిరమిడ్ ధ్యాన కేంద్రాల్లో నేర్పేదీ ఇదే. వాళ్ళు దానితోపాటు చెప్పే మిగతా విషయాలు నచ్చకపోతే ఊపిరి భాగం మాత్రం తీసుకోండి.

ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ అనే విపశ్యన కేంద్రం ఉంది. పదిరోజుల శిబిరం. పొద్దున్నే నాలుగింటికి లేవాలి, మాటలుండవు, ఫోన్ ఉండదు. మొదటి మూడు రోజులూ ఊపిరే, నాలుగో రోజు నుంచి విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించడం. ఫీజు లేదు, ముందు చేసి వెళ్ళినవాళ్ళ విరాళాలతో నడుస్తుంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు లోతుగా నేర్చుకోవడానికి చాలా మంచిది. దిగులులో మునిగిపోయి ఉన్నవాళ్ళకి, ఎప్పుడైనా మతిభ్రమణ లక్షణాలు వచ్చినవాళ్ళకి అది మొదటి మెట్టు కాదు. అప్లికేషన్‌లో అడిగిన ఆరోగ్య వివరాలు దాచిపెట్టకండి.

చెప్పకుండా ఉండలేని మాట ఒకటి. ధ్యానం ఈ డెల్టాకి ఎక్కడినుంచో కొత్తగా వచ్చింది కాదు. కోనసీమలో ఆదుర్రు స్తూపం, ఏలూరు జిల్లాలో గుంటుపల్లి గుహలు చూసినవాళ్ళకి తెలుసు, ఇక్కడి నేల మీద ఊపిరిని గమనించి కూర్చున్న భిక్షువులు రెండువేల ఏళ్ళ క్రితమే ఉన్నారు.

అయితే కూర్చోవడం అందరికీ పడదు. 1996 నవంబరు 6 తుఫానుని చూసిన పెద్దవాళ్ళలో ఇప్పటికీ గాలి హోరెత్తితే నిద్రపోలేనివాళ్ళు ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే లంక గ్రామాల్లో గుండె జారిపోతుంది. అలాంటి భయం మోస్తున్న మనిషిని చీకట్లో కళ్ళు మూసుకుని కూర్చోమంటే ఆ రాత్రే మళ్ళీ కళ్ళముందుకి రావచ్చు. వాళ్ళు కళ్ళు తెరిచే ఉంచాలి, పాదాలు నేలకి ఆనించాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. చూసిన వస్తువుల పేర్లు పైకి చెప్పుకుంటూ నెమ్మదిగా ఊపిరి వదలాలి. చేతిలో జపమాల ఉంటే ఇంకా మంచిది, వేళ్ళకి పని దొరుకుతుంది.

భీమవరం, ఉండి వైపు రొయ్యల రైతులది ఇంకో రకం నిద్రలేమి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడే కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, ఒక్క పూటలో పంటంతా పోవచ్చు. ఆ సమయంలో మెలకువగా ఉండటం వాళ్ళకి అవసరం, దాన్ని జబ్బనకూడదు. వాళ్ళకి నేను చెప్పేది గట్టు మీద నడక. ఫోన్ జేబులో పెట్టి, అడుగు పడటం, మడమ ఆనడం, ఊపిరి. గట్టు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వెళ్ళి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే చూసి, మళ్ళీ వెనక్కి. పగలు పడుకునే ముందు ఊపిరి తీసుకున్న దానికంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా కొన్ని నిమిషాలు చేస్తే ఒళ్ళు సడలుతుంది. వైట్ చెస్ట్‌నట్ చుక్కలా ఇదా అంటే, ఇదే. ధర ఎంత పడిపోతుందోనన్న దిగులు మాత్రం ఈ రెండిట్లో దేనితోనూ తీరదు. దాని గురించి ఇంట్లో, బ్యాంకులో కూర్చుని మాట్లాడవలసిందే.

జంతువుల విషయం

జంతువుల దగ్గర లెక్క మారుతుంది. కుక్క ధ్యానం చేయదు, తన బాధ చెప్పదు. గుణం కనిపించిందో లేదో తేల్చేది మనమే, మనకి ఆశ ఉంటుంది. చుక్కలు వేశాక మన కంగారు తగ్గి "వీడు కాస్త నయం" అనిపిస్తుంది, కుక్క మంచం కింద అలాగే వణుకుతూ ఉండొచ్చు. అందుకే చుక్కలు వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి పక్కపక్కన చూడండి. ఎండ లేకుండా రొప్పడం, మాటిమాటికీ ఆవులించడం, మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, తోక కాళ్ళ మధ్యకి పోవడం, ఇవి భయం గుర్తులు. ఇవి తగ్గితేనే తగ్గినట్టు.

ధ్యానం మాత్రం కుక్కకి దొడ్డిదారిన చేరుతుంది. స్వీడన్‌లో 2019లో కుక్కల వెంట్రుకల్లోనూ వాటి యజమానుల జుట్టులోనూ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచి చూస్తే, మనుషుల్లో ఎక్కువున్న చోట కుక్కల్లోనూ ఎక్కువే ఉంది. అదే ఏడాది అమెరికాలో కాలేజీ పిల్లలు పది నిమిషాలు కుక్కల్నీ పిల్లుల్నీ నిమిరితే పిల్లల కార్టిసాల్ తగ్గింది. కాబట్టి మీరు ఊపిరి గమనిస్తూ కూర్చున్నప్పుడు కుక్కని పక్కన పడుకోనివ్వండి, పిలవొద్దు, పట్టుకోవద్దు, దానంతటది వస్తే చాలు.

దీపావళికి, వినాయక చవితి డీజేలకి తయారీ నెలా రెండు నెలల ముందే మొదలవ్వాలి. టపాసుల శబ్దాన్ని ఫోన్‌లో, చెవికి ఆనీ ఆననంత చిన్నగా పెట్టి, అదే సమయంలో ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. కుక్క పట్టించుకోకపోతేనే మర్నాడు కాస్త పెంచండి. చెవులు వెనక్కి వాలాయంటే తగ్గించేయండి. పండగనాడు పొద్దుండగానే షికారు తిప్పేసి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానూ టీవీ పెట్టి, దాని పక్క అక్కడే వేయండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు ఉండాలి, గేటుకి గొళ్ళెం ఉండాలి. భయపడ్డ కుక్కని దగ్గరకి తీసుకుంటే భయం అలవాటవుతుందని కొందరంటారు, అది నిజం కాదు, దగ్గరకి తీసుకోండి. ఇంత చేసినా ఒళ్ళు తెలియకుండా వణికే కుక్కకి పశువుల డాక్టర్లు ఇచ్చే భయం మందులు ఉన్నాయి. పండగకి కొన్ని రోజుల ముందే ఒకసారి వేసి చూసుకోవాలి. మన ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి, ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. చక్కెర లేని చప్పరించే బిళ్ళల్లో, చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉండొచ్చు, అది కుక్కకి విషం. పూల మందు అని రాసున్న బిళ్ళైనా సరే లేబుల్ చూడకుండా పెట్టొద్దు.

పిల్లి దిగులుగా ఉందని చుక్కలు వేసేముందు తింటోందా, మూత్రం పోస్తోందా చూడండి. రోజంతా తిండి ముట్టకపోతే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. మగ పిల్లి మూత్రానికి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే గంటలు లెక్కే. నర్సరీల నుంచి తెచ్చే పెద్ద పూల ఏషియాటిక్, ఓరియంటల్ లిల్లీ కుండీలు పిల్లి ఉన్న ఇంట్లోకి తేకండి, దాని పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.

గేదె సంగతి చెప్పకపోతే ఈ ప్రాంతం గురించి రాసినట్టే కాదు. బెదిరిన గేదె చేపదు. దూడ పోయినా, మనిషి మారినా, పక్కన డీజే మోగినా పాలు దిగవు, ఎందుకంటే భయంలో పుట్టే అడ్రినలిన్ పాలు దింపే ఆక్సిటోసిన్‌ని పని చేయనివ్వదు. అలవాటైన మనిషి, అదే వేళ, అదే చోటు, పొదుగు కడుగుతూ మెల్లగా మాట, దాణా తొట్టి ముందు. వరదకి లంకల నుంచి ఏటిగట్టు మీదికి తోలుకెళ్ళినప్పుడు కూడా పాత పలుపు, పాత మనిషి వెంట ఉండేలా చూడండి. చేపలేదని సొంతంగా ఇంజక్షన్ చేయడం అస్సలు వద్దు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

రెండూ కలిపి చేయవచ్చా

చేయవచ్చు. చుక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి నేను అడ్డు చెప్పను, వాటివల్ల హాని తక్కువ. చుక్కలు వేసుకున్న ప్రతిసారీ అక్కడే కూర్చుని పది ఊపిరులు గమనించండి. సీసా మీద మొదలుపెట్టిన తేదీ రాయండి, ఎందుకు మొదలుపెట్టారో ఒక్క ముక్కలో రాయండి: "రాత్రి మూడింటికి మెలకువ", "కుక్క వాన పడితే తినదు". రెండు వారాలు గడిచాక ఆ ముక్క చదవండి. మీలో మార్పు లేకపోతే, లేదా తిండీ నిద్రా పోయి దేనిమీదా మనసు లేకపోతే డాక్టరుని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకుండా టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. కుక్కలో మార్పు లేకపోతే ఆ వీడియోలు పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టినా, ముట్టుకోనివ్వకపోయినా వారాలు చూడొద్దు, ముందు నొప్పి ఎక్కడుందో వెతికించండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే రేబిస్ టీకాకి వెళ్ళండి.